విరామంలోని లయ: గిటారు సాధనాపద్ధతులపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

గిటారు విద్యార్థులలో కనిపించే లయదోషాన్ని సాధారణంగా వేళ్ల వేగానికి సంబంధించిన లోపంగా పరిగణిస్తారు. ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని పరీక్షిస్తుంది. లయను రెండు క్రియల నడుమ ఉండే విశ్రాంతిగా నిర్వచించిన సంగీతశాస్త్ర దృష్టితో చూసినప్పుడు, దోషం మీటులో కంటే మీటుకూ మీటుకూ మధ్య ఉన్న ఎడంలోనే ఎక్కువగా ఉందని ప్రతిపాదిస్తుంది. ఈ దృష్టితో గిటారు లిపిని, మెట్రోనోమ్ వినియోగాన్ని, కర్ణాటక సంగీతంలోని మూడు కాలాల సాధనను పోల్చి చూస్తుంది. మిశ్రగతిలో నడిచే తెలుగు పాటకు గిటారు తోడైనప్పుడు ఎదురయ్యే సమస్యను చివర చర్చిస్తుంది.

కీలకపదాలు: లయ, కాలప్రమాణం, గతి, నిశ్శబ్దక్రియ, గిటారు, మెట్రోనోమ్, ముత్యాలసరం.

1. ఉపోద్ఘాతం

గిటారు మొదలుపెట్టి రెండు మూడు నెలలైన విద్యార్థి తెలిసిన పాటకు తోడుగా వాయిస్తున్నప్పుడు ఒక లక్షణం దాదాపు తప్పకుండా కనిపిస్తుంది. ఒకే కార్డు (స్వరసముదాయం) మీద ఉన్నంతసేపు వాద్యం సాఫీగా నడుస్తుంది. జి కార్డు నుంచి సి కార్డుకు, సి నుంచి ఎఫ్‌కు మారవలసి వచ్చినప్పుడు నడక ఆగుతుంది. వేళ్లు కొత్త మెట్లను వెదుక్కుంటాయి. అవి దొరికాక పాట మళ్లీ కదులుతుంది. పాడేవారు ఆ క్షణంలో అక్షరాన్ని సాగదీసి వాద్యం కోసం వేచి ఉండాలి. కారణం అడిగితే వేళ్లకు ఇంకా స్పీడు రాలేదనే సమాధానం వస్తుంది. బోధకులు కూడా చాలాసార్లు ఇదే చెబుతారు. చికిత్స కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది: వేళ్ల వేగం పెంచే అభ్యాసాలు, మరిన్ని కార్డులు, మరింత కఠినమైన పాటలు.

ఈ నిర్ధారణలో కొంత నిజం ఉంది. అయితే అదే విద్యార్థిని అదే పాటను సగం వేగంతో వాయించమంటే దోషం పోవాలి కదా! చాలామందిలో అది పోదు. నెమ్మదిగా వాయించినా మార్పు దగ్గర అదే తడబాటు, అదే ఆగడం కనిపిస్తాయి. సమయం రెట్టింపు దొరికినా ఆలస్యం మిగిలే ఉందంటే ఆ ఆలస్యానికి వేగంతో ఉన్న సంబంధం పరిమితమని గ్రహించాలి. విద్యార్థి మీటును అభ్యసించాడు. రెండు మీటుల మధ్య కాలాన్ని అభ్యసించలేదు.

ఇది కేవలం వ్యక్తిగత లోపం కాదు. గిటారు బోధనాసామగ్రిలోనే ఈ లోటు ఉంది. నేడు విద్యార్థులు ఎక్కువగా ఆధారపడే తీగ-మెట్టు సంఖ్యల లిపి ఏ తీగ మీద ఏ మెట్టు నొక్కాలో చెబుతుంది. ఆ స్వరం ఎంతసేపు నిలవాలో అనేక సందర్భాలలో చెప్పదు. పాట సాహిత్యంపైన కార్డుల పేర్లు మాత్రమే రాసి పెట్టిన కాగితాలదీ అదే పరిస్థితి. ఈ లిపికి పూర్వరూపమైన పదహారో శతాబ్దపు ఐరోపా తంత్రీవాద్య లిపిలో సంఖ్యలపైన కాలచిహ్నాలు ఉండేవి. 1536లో వలెన్సియాలో అచ్చయిన లూయీస్ మిలాన్ విహుయెలా గ్రంథం 'ఎల్ మాయిస్త్రో' ఏ రచనను ఎంత వేగంతో వాయించాలో మాటల్లోనే సూచించింది. తెలుగు లిపిలో వెలువడిన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' (1904) స్వరాలతో పాటు తాళవిభాగాన్నీ కాలపరిమాణాన్నీ గుర్తించింది. వాటితో పోలిస్తే ఇప్పటి గిటారు విద్యార్థి చేతిలోని కాగితం కాలం విషయంలో పేదది. ఆ పేదరికాన్ని విద్యార్థి పాటను ముందే విని ఉండడం కప్పిపుచ్చుతోంది. విననిపాటను ఆ కాగితం నుంచి వాయించడం అసాధ్యం.

2. లయ, తాళం, గతి, కాలప్రమాణం

తెలుగులో గిటారు గురించి మాట్లాడేటప్పుడు స్పీడు, బీటు, రిథమ్, టైమింగ్ అనే మాటలను ఒకదానికి బదులు మరొకటిగా వాడడం పరిపాటి. లయ అనే మాట కూడా వీటన్నింటికీ పర్యాయపదమైపోయింది. పరిభాషలోని ఈ అస్పష్టత సాధనలోకి కూడా వస్తుంది. 'లయ బాగాలేదు' అన్న విమర్శ విన్న విద్యార్థికి వేగం మారిందో, లెక్క తప్పిందో, ఉద్ఘాతం తప్పుచోట పడిందో తెలియదు.

పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలోని తాళాధ్యాయంలో లయను నిర్వచించిన తీరు ఇక్కడ చాలా ఉపయోగపడుతుంది. ఆయన దృష్టిలో ఒక క్రియ జరిగిన తరువాత వచ్చే విశ్రాంతి లయ. క్రియ అంటే చేతితో వేసే దెబ్బ, విసురు, వేలి లెక్క వంటిది. ఆ దెబ్బకూ తరువాతి దెబ్బకూ మధ్య నిలిచే కాలమే లయస్వరూపాన్ని నిర్ణయిస్తుంది. ద్రుత, మధ్య, విలంబితాలనే మూడు లయలను కూడా ఆయన ఈ విశ్రాంతితోనే కొలిచాడు: ద్రుతంలోని విశ్రాంతికి రెట్టింపు మధ్యం, మధ్యానికి రెట్టింపు విలంబితం. ఈ గ్రంథానికి సంగీతసుధాకరమనే వ్యాఖ్య రాసిన సింహభూపాలుణ్ణి రాచకొండ రేచర్ల ప్రభువుగా పలువురు పండితులు గుర్తించారు. లయను విశ్రాంతిగా చూసే ఆలోచన తెలుగునేలకు దూరమైనదేమీ కాదని చెప్పడానికి ఆ ఒక్క విషయం చాలు.

ఈ నిర్వచనాన్ని ఆధారం చేసుకుంటే మిగిలిన మాటలు విడివడతాయి. ఎంచుకున్న విశ్రాంతిని మొదటి నుంచి చివరిదాకా చెదరకుండా నిలుపుకోవడం కాలప్రమాణం. ఆ సమానమైన ఎడాలను ఆవర్తంగా కూర్చే చట్రం తాళం. ఒక్కో అక్షరకాలాన్ని లోపల మూడుగానో, నాలుగుగానో, అయిదుగానో, ఏడుగానో, తొమ్మిదిగానో విభజించే నడక గతి. ఆవర్తంలో పాట ఎక్కడ ఎత్తుకుంటుందో తెలిపేది గ్రహం. గిటారు విద్యార్థి తడబడినప్పుడు ఈ నాలుగింటిలో తప్పింది ఏదో చెప్పగలిగితేనే విమర్శ సార్థకమవుతుంది. పై ఉదాహరణలో గతి తెలుసు, తాళం తెలుసు, ఎత్తుగడ తెలుసు. చెదిరింది కాలప్రమాణం. అదీ ఒక్క విశ్రాంతిలో మాత్రమే.

3. మీటు, ఎడం: రెండు చేతుల పని

గిటారు ధ్వని స్వభావం ఈ చర్చకు కీలకం. వయొలిన్‌లో కమాను కదులుతున్నంతసేపు స్వరం నిలుస్తుంది. వేణువులో ఊపిరి ఉన్నంతసేపు నిలుస్తుంది. గాయకులు స్వరంలోకి మెల్లగా ప్రవేశించగలరు, జారుతూ చేరగలరు. గిటారు తీగను మీటిన క్షణానే ధ్వని శిఖరానికి చేరి వెంటనే తగ్గడం మొదలవుతుంది. అందువల్ల మీటు పడిన క్షణం శ్రోత చెవికి స్పష్టంగా తెలుస్తుంది. ఆలస్యాన్ని దాచుకొనే అవకాశం ఈ వాద్యంలో తక్కువ.

రెండో విషయం శ్రమవిభజన. ఒక స్వరం పుట్టడానికి ఎడమచేతి వేలు మెట్టును నొక్కాలి, కుడిచేయి తీగను మీటాలి. ఈ రెండు పనులూ ఒకే క్షణంలో జరగవు. నొక్కు ముందుగా పూర్తయి ఉండాలి. ఎడమచేయి ఎప్పుడూ కుడిచేతికంటే ఒక అడుగు ముందు నడవాలి. నేర్చుకొనే దశలో ఈ క్రమం తలకిందులవుతుంది. విద్యార్థి చివరి మీటు పూర్తిగా మోగేవరకు పాత కార్డును వదలడు. అది మోగిన తరువాత కదలడం మొదలుపెడతాడు. ఆ కదలికకు పట్టే కాలం తరువాతి దెబ్బ నుంచి దొంగిలించినదే.

అనుభవజ్ఞులైన తోడు వాద్యకారులు ఈ సమస్యను పరిష్కరించుకొనే తీరు గమనించదగినది. కార్డు మారే ముందున్న చివరి అర అక్షరానికి వారు ఎడమచేతిని ఎత్తేస్తారు. కుడిచేయి మాత్రం ఆగదు. ఆ ఒక్క పైమీటు ఏ మెట్టూ నొక్కని ఖాళీ తీగల మీద పడుతుంది. శాస్త్రదృష్టితో అది ఆ కార్డుకు చెందని ధ్వని. శ్రోత మాత్రం దాన్ని పట్టించుకోడు. నిమిషానికి 60 అక్షరాల కాలప్రమాణంలో ఈ ఏర్పాటు ఎడమచేతికి అర సెకను కాలాన్నిస్తుంది. మూడు వేళ్లు కొత్త స్థానాలకు చేరడానికి అది చాలు. స్వరం ఒక క్షణం మసకబారినా పాట నడుస్తూనే ఉంటుంది, లయ చెదిరితే నడక ఆగిపోతుంది. ఈ ప్రాధాన్యక్రమం తోడు వాద్యానికి మాత్రమే వర్తిస్తుందని వెంటనే చేర్చాలి. రాగాలాపనలో అపస్వరానికి ఇటువంటి మినహాయింపు ఉండదు.

కుడిచేతిని వేరుగా సాధన చేయాలనే ఆలోచన కొత్తది కాదు. ఇటలీకి చెందిన మౌరో జూలియానీ 1812లో తన మొదటి ఓపస్‌గా ప్రచురించిన గిటారు అభ్యాసగ్రంథంలో కుడిచేతికి 120 అభ్యాసాలను కూర్చాడు. వాటి విశేషం ఏమిటంటే ఎడమచేయి సి, జి7 అనే రెండు కార్డుల మధ్యనే తిరుగుతుంది. 120 అభ్యాసాలలోనూ మారేది వేళ్ల క్రమం, మీటుల కూర్పు. స్వరవైవిధ్యాన్ని ఇంతగా కుదించిన బోధకుడికి తాను ఏం నేర్పుతున్నాడో స్పష్టంగా తెలుసు. నేటి విద్యార్థులకు వీటిని వేళ్ల చురుకుదనం కోసమే ఇవ్వడం వల్ల వాటి విలువలో సగం చేజారుతోంది. రెండు కార్డుల మీద నిలిచి, మూడు మీటులను నాలుగుగా, నాలుగును ఆరుగా మారుస్తూ అక్షరకాలాన్ని చెదరనివ్వకుండా ఉండడమే వాటిలోని అసలు పరీక్ష.

ఫ్రాన్సిస్కో తార్రెగా ప్రసిద్ధరచన 'రెకుయెర్దోస్ దె లా అల్హంబ్రా' ఇందుకు మరొక ఉదాహరణ. బొటనవేలు మంద్రతీగను, ఆ తరువాత ఉంగరపు వేలు, మధ్యవేలు, చూపుడువేలు వరుసగా ఒకే తీగను మీటుతూ ఎడతెగని స్వరమనే భ్రమను కలిగించాలి. ఆ భ్రమకు ఆధారం వేగమని విద్యార్థులు అనుకుంటారు. నాలుగు మీటుల మధ్య ఎడాలు సమానంగా లేనప్పుడు ఎంత వేగంగా వాయించినా అది కుంటినడకగానే వినబడుతుంది. ఎడాలు సమానమైతే కొంత నెమ్మదిగా వాయించినా స్వరం నిలిచినట్లే తోస్తుంది.

4. నిశ్శబ్దక్రియ

భరతుని నాట్యశాస్త్రం తాళక్రియలను సశబ్దాలని, నిశ్శబ్దాలని రెండుగా విభజించింది. శబ్దం వచ్చేలా చేతులు కలపడం మొదటిది. చేతిని విసరడం, తిప్పడం, వేళ్లు ముడవడం రెండోది. ఆదితాళంలో దెబ్బ తరువాత వేసే వేలి లెక్కలు, ద్రుతంలోని విసర్జితం నేటికీ నిలిచిన నిశ్శబ్దక్రియలు. శబ్దం లేనంత మాత్రాన వాటి కాలం తగ్గదు. తాళం వేసేవారి చేయి వాటిని కూడా అంతే శ్రద్ధతో చూపుతుంది.

గిటారు స్ట్రమ్మింగ్‌లోని రహస్యమంతా ఈ విభజనలో ఇమిడి ఉంది. మణికట్టు అక్షరం మీద కిందికి, అరాక్షరం మీద పైకి నిరంతరం ఊగుతూ ఉండాలి. కొన్ని ఊపులలో తీగలు తగులుతాయి, కొన్నింటిలో తగలవు. పాటకు కావలసిన నడక ఏ ఊపులో తీగను వదిలేయాలో నిర్ణయించడంతో ఏర్పడుతుంది. విద్యార్థి మాత్రం మోగే మీటులను మాత్రమే జాబితాగా కంఠస్థం చేస్తాడు: కింద, కింద, పైన, పైన, కింద, పైన. మోగని ఊపులు ఆ జాబితాలో లేవు కాబట్టి ఆ సమయంలో చేయి ఆగిపోతుంది. ఆగిన చేతికి తరువాతి మీటును ఎప్పుడు వేయాలో తెలిపే ఆధారం ఉండదు, ఊహించాలి. బాణీల జాబితాలు ఎన్ని నేర్చినా లయ కుదరకపోవడానికి ఇదే ప్రధాన కారణం. నిశ్శబ్దక్రియను కూడా జాబితాలో చేర్చి, తీగలను ఎడమచేత్తో మూసి కేవలం ఊపును మాత్రమే సాధన చేయిస్తే తేడా కొద్దిరోజులలోనే వినబడుతుంది.

కౌంట్ బేసీ జాజ్ బృందంలో 1937 నుంచి 1987లో మరణించేవరకు గిటారు వాయించిన ఫ్రెడీ గ్రీన్ జీవితం ఈ సందర్భంలో గుర్తుకు రావడం సహజం. అర్ధశతాబ్దం పాటు ఆయన చేసిన పని దాదాపు ఒక్కటే: ప్రతి ఆవర్తంలో నాలుగు అక్షరాలకు నాలుగు మీటులు. ఒంటరి వాద్యానికి ఆయన ముందుకు వచ్చిన సందర్భాలు చాలా అరుదు. మీటిన వెంటనే ఎడమచేతి పట్టు సడలించి ధ్వనిని ఆపడం వల్ల ప్రతి మీటుకూ స్పష్టమైన అంచు ఏర్పడేది. పెద్ద వాద్యబృందం మధ్య, విద్యుత్ వర్ధకం లేని గిటారుతో ఆయన నిలబెట్టిన విలువ స్వరాలది కాదు, ఎడాలది.

5. మెట్రోనోమ్ సాక్షిగా

లయదోషానికి అందరూ సూచించే సాధనం మెట్రోనోమ్. ఆమ్‌స్టర్‌డామ్‌లో వింకెల్ 1814లో రూపొందించిన లోలకయంత్రాన్ని మెరుగుపరచి మెల్ట్సెల్ 1815లో తన పేర హక్కు పొందాడు. బీథోవెన్ 1817లో తన సింఫనీలకు మెట్రోనోమ్ సంఖ్యలను ప్రకటించాడు. స్వరకర్త కోరుకున్న వేగాన్ని దూరాన ఉన్న వాద్యకారుడికి తెలియజేయడం ఈ యంత్రానికి మొదట దక్కిన గొప్ప ప్రయోజనం. రోజువారీ సాధనలో గంటల తరబడి దాని వెంట నడవడమన్నది తరువాత బలపడిన అలవాటు. ఈ తేడాను మరిచిపోకూడదు.

మెట్రోనోమ్‌తో సాధనకు గిటారు తరగతుల్లో బాగా వ్యాపించిన పద్ధతి ఒకటి ఉంది. నిమిషానికి 60తో మొదలుపెట్టి, తప్పు లేకుండా వస్తే 64, ఆపై 68, ఇలా మెట్లుగా పెంచుకుంటూ పోవడం. కర్ణాటక సంగీతంలో సరళీస్వరాల నుంచే నేర్పే పద్ధతి ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ తాళం వేగం మారదు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. నిమిషానికి 60 అక్షరాలైతే స్వరానికీ స్వరానికీ మధ్య ఎడం వరుసగా ఒక సెకను, అర సెకను, పావు సెకను. శార్ఙ్గదేవుడు చెప్పిన ద్విగుణక్రమం విద్యార్థి శరీరంలోకి ప్రవేశించేది ఈ మార్గానే.

మెట్లుగా పెంచే పద్ధతిలో ప్రతి వేగమూ ఒక కొత్త ప్రపంచం. 64కూ 68కీ మధ్య సంబంధాన్ని విద్యార్థి గ్రహించడు. పెరిగిన సంఖ్యను మాత్రమే గ్రహిస్తాడు. మూడు కాలాల పద్ధతిలో విద్యార్థి అనుపాతాన్ని నేర్చుకుంటాడు. మొదటి కాలంలో పాడుతున్నప్పుడు కూడా రెండో కాలపు విభజన లోపల మెదులుతూ ఉండాలి, లేకుంటే మారే క్షణంలో జారిపోతాడు. దీర్ఘమైన విశ్రాంతిని చిన్న భాగాలుగా లోలోపల పంచుకోవడం అనే శక్తి ఇక్కడే పుడుతుంది. గిటారు విద్యార్థులలో అత్యధికులకు లోపించినది ఇదే. వారు అతివేగంలో కంటే అతినెమ్మదిలోనే ఎక్కువ తప్పడానికి కారణం కూడా ఇదే. నిమిషానికి 40 అంటే అక్షరానికి ఒకటిన్నర సెకను. అంత ఎడాన్ని పంచుకోకుండా మోయడం కష్టం.

మూడు కాలాల పద్ధతిని యథాతథంగా గిటారుకు అన్వయించడంలో చిక్కు లేకపోలేదు. గొంతుతో పోలిస్తే వాద్యంలో శారీరకమైన అడ్డంకి ఎక్కువ. రెండో కాలంలో నిలకడగా ఉన్న చేయి నాలుగు మీటుల కాలానికి ఒక్కసారిగా ఎగబాకలేక బిగుసుకుంటుంది. అందుకు పరిష్కారం కూడా సంప్రదాయంలోనే ఉంది. రెండుకూ నాలుగుకూ మధ్య తిశ్రాన్ని, అంటే అక్షరానికి మూడు మీటులను నిలపవచ్చు. దీనివల్ల కుడిచేతికి కొత్త సవాలు కూడా ఎదురవుతుంది: మూడు బేసి సంఖ్య కాబట్టి ఒక అక్షరం కిందిమీటుతో మొదలైతే తరువాతిది పైమీటుతో మొదలవుతుంది. ఉద్ఘాతాన్ని రెండు దిశలలోనూ సమానంగా వేయడం అలవడుతుంది. మెట్లుగా పెంచే పద్ధతికి కూడా ఈ దశ తరువాత చోటుంది. అనుపాతం స్థిరపడ్డాక చేతికి ఓర్పు పెంచడానికి అది పనికివస్తుంది.

యంత్రశబ్దాన్ని వినడం గురించి ఒక ముఖ్యవిషయం చెప్పాలి. సమానమైన టకటకలకు అనుగుణంగా వేలితో తట్టమన్నప్పుడు మనుషులు ఆ శబ్దం విని స్పందించరని, శబ్దానికి సాధారణంగా కొన్ని పదుల మిల్లీసెకన్ల ముందే తడతారని మనోవిజ్ఞాన ప్రయోగాలు పదేపదే నిరూపించాయి. శిక్షణ పొందిన సంగీతజ్ఞులలో ఈ తేడా తక్కువగా ఉంటుంది. అంటే లయలో ఉండడమన్నది ఒక అంచనా. రాబోయే దెబ్బను విశ్రాంతిలోనే పసిగట్టడం. ప్రతి అక్షరానికీ మోగే మెట్రోనోమ్ విద్యార్థికి ఈ అంచనా వేసే పనిని చాలావరకు తగ్గించేస్తుంది. తప్పిన అంచనాను తరువాతి శబ్దం వెంటనే సరిదిద్దుతుంది. విద్యార్థి తాను నిలకడగా ఉన్నానని నమ్ముతాడు. యంత్రం ఆపినప్పుడు ఆ నమ్మకం ఎంత నిజమో తెలుస్తుంది.

అందువల్ల మెట్రోనోమ్‌ను గురువుగా కంటే సాక్షిగా వాడడం మేలు. ఆవర్తానికి ఒక్కసారి మాత్రమే మోగేలా అమర్చి మధ్య కాలాన్ని విద్యార్థికే వదిలివేయాలి. నిమిషానికి 30గా అమర్చి ఆ శబ్దాన్ని నాలుగక్షరాల ఆవర్తంలో మొదటి అక్షరంగా తీసుకుంటే పాట 120లో నడుస్తుంది, మూడు అక్షరాల భారం విద్యార్థిది. జాజ్ విద్యార్థులు అదే శబ్దాన్ని రెండో అక్షరంగా, నాలుగో అక్షరంగా ఊహించి వాయించడం కూడా ఈ కోవలోనిదే. గాయకుల రికార్డింగుతో కలిపి వాయించడాన్ని సాధనగా చెలామణీ చేయడం గురించి కూడా ఇక్కడే ఒక మాట. రికార్డింగులోని మృదంగం, డ్రమ్స్ విద్యార్థి తప్పులను మింగేస్తాయి. అది వినోదానికి బాగుంటుంది, పరీక్షకు పనికిరాదు.

6. ఖాళీలేని చేతులు

కర్ణాటక గాయకులకు తాళం వేయడానికి చేయి ఖాళీగా ఉంటుంది. గిటారు వాద్యకారుడి రెండు చేతులూ పనిలో ఉంటాయి. మరి కాలాన్ని శరీరంలో ఎక్కడ నిలపాలి? ఈ ప్రశ్నను బోధనగ్రంథాలు అరుదుగా అడుగుతాయి.

వీణ దీనికి ఇచ్చిన సమాధానం ఆదర్శప్రాయం. సరస్వతీవీణలో స్వరం పలికే నాలుగు తీగలతో పాటు పక్కన మూడు తీగలుంటాయి. కుడిచేతి చిటికెనవేలు వాటిని మీటుతూ తాళాన్ని సూచిస్తుంది. బొబ్బిలి, నూజివీడు వీణలమీద చేయి తిరిగిన వైణికుల వాద్యాన్ని విన్నవారికి ఆ చిన్న మీటులు ఎంత స్థిరత్వాన్నిస్తాయో తెలుసు. కాలం ఆ వాద్యంలోనే నాటుకొని ఉంది. గిటారుకు అటువంటి తీగలు లేవు, కాని బొటనవేలు ఉంది. అమెరికన్ వాద్యకారుడు మెర్ల్ ట్రావిస్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో బొటనవేలు మంద్రతీగలను ఒకదాని తరువాత ఒకటి అక్షరం తప్పకుండా మీటుతూ ఉంటుంది. పై తీగలలో చూపుడువేలు పాటను నడుపుతుంది. బొటనవేలు ఆగకుండా నడిచే దశ రాకముందే విద్యార్థులు పై స్వరాలకు ఎగబాకుతారు. దాంతో బొటనవేలు పాటను అనుసరించడం మొదలుపెడుతుంది, నిజానికి పాటే బొటనవేలిని అనుసరించాలి.

మిగిలినవి పాదం, నోరు. స్పెయిన్‌లోని ఫ్లమెంకో సంప్రదాయంలో గిటారుకు ముందు చప్పట్లకు చోటుంది. సొలెయా వంటి రూపాలలో పన్నెండు అక్షరాల ఆవర్తం ఉంటుంది. ఉద్ఘాతాలు 3, 6, 8, 10, 12 స్థానాలలో పడతాయి. మూడు, మూడు, రెండు, రెండు, రెండుగా సాగే ఈ నడకను కాగితం మీద లెక్కించి వాయించడం కష్టం. చప్పట్లతో, పాదంతో, ఆడేవారి అడుగులను చూస్తూ అలవరచుకున్నవారికి అది సహజంగా వస్తుంది. జాన్ మెక్లాఫ్లిన్ శక్తి బృందంలో దక్షిణాది లయవిద్వాంసులతో కలిసి పనిచేసి, ఆ తరువాత సెల్వగణేశ్‌తో కలిసి కొన్నక్కోల్ బోధించే డి.వి.డి.ని వెలువరించాడు. గిటారు వాద్యంలో ప్రపంచప్రసిద్ధి పొందిన వ్యక్తి లయ నేర్చుకొనేవారికి ముందుగా నోటితో జతులు పలకమని సూచించడం ఆలోచింపజేసే విషయం. తకధిమి, తకిట అంటూ పలకగలిగిన నడక చేతికి రావడానికి కాలం పడుతుంది, కాని వస్తుంది. పలకలేని నడక చేతికి వచ్చినట్లు కనిపించినా నిలవదు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ మీద అతివేగపు స్వరప్రస్తారాలను వాయించినప్పుడు శ్రోతలు వేగాన్ని మెచ్చుకున్నారు. ఆ వేగాన్ని మోసినది గాత్రసంప్రదాయం నుంచి వచ్చిన తాళజ్ఞానమన్న విషయానికి తగిన గుర్తింపు రాలేదు.

7. మిశ్రగతి ముందు గిటారు

తెలుగునాట గిటారు ఎక్కువగా పాటకు తోడువాద్యం. విద్యార్థులు అనుసరించే పాఠాలు మాత్రం చాలావరకు నాలుగు అక్షరాల ఆవర్తానికి ఉద్దేశించినవి. తెలుగు ఛందస్సులో నాలుగు మాత్రల నడక ఒకటి మాత్రమే. రగడల పేర్లే ఇందుకు సాక్ష్యం. హయప్రచారం త్రిమాత్రాగణాలతో, మధురగతి చతుర్మాత్రాగణాలతో, వృషభగతి మూడు-నాలుగు మాత్రల జంటలతో నడుస్తాయి. జంతువుల నడకల పేర్లు పెట్టిన లాక్షణికులకు గతి శరీరానికి సంబంధించినదన్న స్పృహ ఉంది. గురజాడ 1910లో ముత్యాలసరానికి ఎంచుకున్నది కూడా 3+4 మాత్రల మిశ్రగతే. పాదానికి పద్నాలుగు మాత్రలు.

ఈ ఛందస్సులోని గేయానికి నాలుగు అక్షరాల బాణీ తెలిసిన విద్యార్థి తోడు వాయిస్తే రెండింటిలో ఒకటి జరుగుతుంది. మొదటిది, మూడు మాత్రల గణాన్ని నాలుగుకు సాగదీసి పాటను ఎనిమిదిగా మార్చడం. గానంలో ఇటువంటి సాగదీత ఉండదని కాదు. బాణీ కట్టేవారు బుద్ధిపూర్వకంగా అలా చేయవచ్చు. చేతకాక చేయడం వేరు. రెండోది, చేయి తన కింద-పైన ఊపును యాంత్రికంగా కొనసాగించడం. అప్పుడు ఒక ఆసక్తికరమైన పరిణామం కలుగుతుంది. పద్నాలుగు మాత్రలలో గణాలు 1, 4, 8, 11 మాత్రల మీద మొదలవుతాయి. ఒక్కో మాత్రకు ఒక్కో ఊపు చొప్పున చేయి ఊగితే 1, 11 మాత్రలకు కిందిమీటు, 4, 8 మాత్రలకు పైమీటు వస్తాయి. పైమీటు సన్నతీగలను ముందుగా తాకుతుంది కాబట్టి సహజంగా తేలిక. పాటలో బరువు పడవలసిన రెండుచోట్ల గిటారు తేలిపోతుంది. పద్నాలుగు సరిసంఖ్య కావడం వల్ల తరువాతి పాదం మళ్లీ కిందిమీటుతోనే మొదలవుతుంది, తప్పు జరిగిందన్న స్పృహ కూడా వాద్యకారుడికి కలగదు. శ్రోతకు మాత్రం ఏదో బిగువు తగ్గినట్లు అనిపిస్తుంది.

ప్రతి గణాన్నీ కిందిమీటుతోనే ఎత్తుకోవడం దీనికి పరిష్కారం: కింద, పైన, కింద, కింద, పైన, కింద, పైన. మూడో మాత్రకూ నాలుగో మాత్రకూ నడుమ చేయి శబ్దం చేయకుండా పైకి తిరిగి రావాలి. ఒక మాత్రాకాలంలోనే అది పూర్తి కావాలి కాబట్టి ఆ ఒక్కచోట కదలిక రెట్టింపు వేగాన్ని అందుకోవాలి. మిశ్రగతికి గిటారు తోడు కుదురుతుందా లేదా అన్నది ఆ నిశ్శబ్దమైన తిరుగుప్రయాణం మీద ఆధారపడి ఉంటుంది. మొదటివారం తీగలను ఎడమచేత్తో మూసి, 'తకిట తకధిమి' అని పలుకుతూ, ఏ కార్డూ లేకుండా ఈ ఊపును మాత్రమే సాధన చేయడం మంచిది. రెండోవారం ఒకే కార్డు. ఆ తరువాత కార్డు మార్పును నాలుగు మాత్రల గణం చివరి పైమీటు దగ్గర ఉంచాలి. అక్కడ ఎడమచేతికి ఒక మాత్ర అదనంగా దొరుకుతుంది. మూడు మాత్రల గణం చివర మార్పు పెట్టుకుంటే కుడిచేతి తిరుగుప్రయాణమూ ఎడమచేతి మార్పూ ఒకేసారి మీదపడతాయి.

ముత్యాలసరంలో నాలుగో పాదం తరచుగా పొట్టిది. సాహిత్యం ముందే ముగుస్తుంది, పాడేవారు ఊపిరి తీసుకుంటారు. మిగిలిన మాత్రలను లెక్కించే బాధ్యత గిటారుదే. అక్కడ తీగలు మోగవలసిన అవసరం కూడా లేదు. కుడిచేయి తీగల మీదుగా, వాటిని తాకకుండా, మూడూ నాలుగుగా ఊగుతూ ఉంటే తరువాతి చరణం తన చోట తాను మొదలవుతుంది.